పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా? టెర్మన్ గ్రంథాలపై ఒక విమర్శ

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని సామెత. ఈ సామెతలోని సత్యాసత్యాలను శాస్త్రీయంగా తేల్చడానికి జరిగిన ప్రయత్నాలలో పెద్దది ఒకటి అమెరికాలో జరిగినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞానాచార్యుడైన లూయిస్ టెర్మన్ 1921లో దానిని ప్రారంభించినాడు. అసాధారణ ప్రజ్ఞ గల పిల్లలను చిన్నతనంలోనే ఏరి, వారు పెరిగి పెద్దవారై ఏమవుతారో కనిపెట్టి ఉండడం ఆయన సంకల్పం. ఆ పరిశీలనలు ‘జెనెటిక్ స్టడీస్ ఆఫ్ జీనియస్’ అనే పేరుతో 1925 నుండి 1959 వరకు ఐదు సంపుటాలుగా వెలువడినవి. ప్రజ్ఞావంతుడైన బిడ్డను గుర్తించడం ఎట్లా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా విద్యావేత్తలు ఈ గ్రంథాలను తలచుకుంటారు. కనుక అవి దేనిని నిరూపించినవి, దేనిని నిరూపించలేదు అన్నది వేరు చేసి చూడడం అవసరం.

టెర్మన్ అనుసరించిన పద్ధతి ఇది. కాలిఫోర్నియా నగరాలలోని పాఠశాలలలో ముఖ్యంగా మూడవ తరగతి నుండి ఎనిమిదవ తరగతి వరకు వెతికించినాడు. ప్రతి ఉపాధ్యాయుడు తన తరగతిలో మిక్కిలి తెలివిగల పిల్లల పేర్లతో పాటు, అందరికంటె వయస్సులో చిన్న అయిన విద్యార్థి పేరు కూడా ఇవ్వవలె. ఆ పేర్లు గలవారికి మొదట సామూహిక పరీక్ష, అందులో నెగ్గినవారికి ఒక్కొక్కరికి విడివిడిగా స్టాన్‌ఫర్డ్–బినే పరీక్ష జరిపినారు. ఇతర మార్గాలలో దొరికినవారిని కూడా కలుపుకొని చివరకు 1,528 మంది ఎంపికైనారు. వారిలో 856 మంది బాలురు, 672 మంది బాలికలు. ప్రజ్ఞాలబ్ధి 135కు తక్కువ కాకుండా ఉండడం సామాన్యంగా పాటించిన నియమం.

ఈ కృషి వల్ల కలిగిన మేలు తక్కువది కాదు. మితిమీరిన తెలివి గల బిడ్డ బలహీనుడు, రోగిష్ఠి, అల్పాయుష్కుడు అనే అపోహ అన్ని దేశాలలోను ఉండేది. టెర్మన్ పిల్లలు సగటున ఆరోగ్యంలో గాని, ఎదుగుదలలో గాని తోటివారికి తీసిపోలేదని మొదటి సంపుటమే లెక్కలతో చూపినది. మరొక విశేషం కూడా బయటపడినది. ఉపాధ్యాయులు మొదటివాడుగా ఎంచిన బాలునికంటె, తరగతిలో అందరికంటె చిన్నవాడే ఎక్కువసార్లు పరీక్షలో నెగ్గినాడు. ఉపాధ్యాయుడు పిల్లలను ఒకరితో ఒకరిని పోల్చినాడే గాని వారి వయస్సును లెక్కలోకి తీసుకోలేదు. పదకొండేళ్ళవానితో సమానంగా చదివే తొమ్మిదేళ్ళవాడు ఆయన కంటికి ఆనలేదు.

అయితే జల్లెడను బట్టి గింజలు. ఉపాధ్యాయుడు పేరు ఇవ్వని బిడ్డకు సాధారణంగా పరీక్షే జరగలేదు. ఎంపికైన వారిలో విద్యావంతుల, ఉద్యోగుల, వ్యాపారుల పిల్లలే అధికం. కూలి పనివారి పిల్లలు బహు కొద్దిమంది. నల్లజాతి పిల్లలు నామమాత్రం. మేధ వంశపారంపర్యమని టెర్మన్ దృఢంగా నమ్మినవాడు కావడంచేత ఈ లోటు ఆయనకు లోటుగా తోచలేదు. కాలిఫోర్నియాలోనే పెరుగుతున్న విలియం షాక్లీ, లూయీ ఆల్వరెజ్ అనే బాలురు పరీక్షకు వచ్చి కూడా నిర్ణీత అంకెను అందుకోలేక జల్లెడలోంచి జారిపోయినారు. షాక్లీకి 1956లోను, ఆల్వరెజ్‌కు 1968లోను భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. ఎంపికైన వారిలో లీ క్రోన్‌బాక్ వంటి పేరుపొందిన మనోవిజ్ఞానవేత్తలు ఉన్నారు. కాని నోబెల్ బహుమానం ఒక్కరికీ రాలేదు.

రెండవ సంపుటం మరింత విమర్శకు పాత్రమైనది. దానిని 1926లో కాథరిన్ కాక్స్ రచించినది. ఆమె చరిత్ర ప్రసిద్ధులైన 301 మంది జీవితచరిత్రలను చదివి, వారి బాల్యవృత్తాంతాలను బట్టి ప్రజ్ఞాలబ్ధిని అంచనా కట్టినది. చిన్ననాటి ఫారడేకు ఆమె వేసిన తొలి అంచనా 105 మాత్రమే. విద్యుచ్ఛక్తి విజ్ఞానానికి పునాది వేసిన ఫారడే సామాన్యుడా? కాదు. ఆయన కమ్మరి కొడుకు. పుస్తకాలు కుట్టే దుకాణంలో పని నేర్చుకున్నవాడు. ఆయన చిన్నప్పటి ముద్దుమాటలను రాసి దాచిన వారు లేరు. దాచిన కాగితాలు లేని చోట అంకె తగ్గినది. కాబట్టి ఆ అంచనా కొలిచినది బాలుని మేధను కాదు, ఆ ఇంటి స్తోమతను.

పసిపిల్లల విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఆ రోజులలో మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించి నూరుతో హెచ్చవేస్తే వచ్చేదే ప్రజ్ఞాలబ్ధి. ఒక సంవత్సరం ముందున్న నాలుగేళ్ళ బిడ్డకు 125 వస్తుంది. అదే ఒక్క సంవత్సరం ముందున్న పదేళ్ళవానికి 110 మాత్రమే వస్తుంది. అంటే చిన్న బిడ్డ నాలుగు ప్రశ్నలు అదనంగా చెప్పగలిగితే చాలు, అంకె ఎగిసిపడుతుంది. ఆకలివేసో, కొత్తముఖం చూసి బెదిరో నోరు విప్పకపోతే కుంగిపోతుంది. 1960 సవరణతో స్టాన్‌ఫర్డ్–బినే ఈ భాగహారాన్ని విడిచి, సమవయస్కులతో పోల్చే పద్ధతిని చేపట్టినది. అయినా పసితనపు నిలకడలేమిని ఏ గణితమూ పోగొట్టలేదు. టెర్మన్ ముఖ్యంగా వెతికినది బడి పిల్లలలో అన్న సంగతి మరచి, ఆయన ఫలితాలను మూడేళ్ళ పసివానికి అన్వయించడం పొరపాటు.

తన పద్ధతి పరిమితిని బయటపెట్టినవాడు ఒక విధంగా టెర్మనే. ఎంపికైన పురుషులలో మిక్కిలి రాణించిన 150 మందిని, మిక్కిలి వెనుకబడిన 150 మందిని ఎదురెదురుగా పెట్టి ఆయన పోల్చినాడు. చిన్ననాటి అంకెలలో వారికి గల తేడా స్వల్పం. పట్టుదల, లక్ష్యశుద్ధి, ఆత్మవిశ్వాసం, ఇంటిలో చదువుకు గల ఆదరం – వీటిలోనే పెద్ద తేడా కనబడినది. ఇక స్త్రీలలో సుమారు సగం మంది గృహిణులుగానే ఉండిపోయినారు. ఇది ప్రజ్ఞాలోపం కాదు, ఆనాటి సమాజం తలుపు తీయకపోవడం. పైగా టెర్మన్ తన పిల్లలకు సిఫారసు ఉత్తరాలు రాసి, సలహాలు ఇచ్చి, అండగా నిలిచినాడు. తాను నీరు పోసిన మొక్క ఎంత ఎదుగుతుందో చూచి, అది విత్తనం బలమే అనడం ప్రయోగ నియమానికి విరుద్ధం.

మరి బిడ్డలోని నిజమైన ప్రజ్ఞను గుర్తించడం ఎట్లా? అప్పజెప్పడానికి, ఆలోచించడానికి గల భేదాన్ని గమనించడం మొదటి మెట్టు. ఇరవయ్యో ఎక్కం గడగడ వల్లించే బిడ్డకు జ్ఞాపకశక్తి ఉన్నది, అది మంచిదే. కాని తొమ్మిదో ఎక్కంలో పద్ధెనిమిది, ఇరవైయేడు, ముప్పైయారు అంటూ పోతూ, ఏ సంఖ్యలోని అంకెలు కలిపినా తొమ్మిదే వస్తున్నదేమని తనంతట తాను ఆగి అడిగే బిడ్డ మరొక కోవకు చెందినవాడు. ఏడెనిమిదులు మరచి, ఏడేళ్ళు నలభై తొమ్మిదికి ఏడు కలిపి యాభై ఆరు తెచ్చుకునేవాడూ అట్టివాడే. ఎవరూ పురమాయించకుండా ఒకే పనిమీద చాలాసేపు నిలవడం, ఒక చోట తెలిసిన సూత్రాన్ని మరొక చోట వాడి చూడడం, తప్పు వస్తే తానే దిద్దుకోవడం – ఇవి గమనించవలసిన గుర్తులు. వీటిని ఒక్కనాటి పరీక్షలో కాక, కొన్నేళ్ళపాటు ఇంటిలోను బడిలోను చూడవలె.

తెలుగుదేశంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. బినే పరీక్షను మన దేశపు భాషలకు అనువుగా సవరించే పని 1930ల దశకంలోనే జరిగినది, వి. వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లలకోసం చేసినది ఇందుకు నిదర్శనం. అయితే ప్రశ్న పుస్తకభాషలో ఉన్నంతకాలం పుస్తకాలున్న ఇంటి బిడ్డకే మొగ్గు. పొలంలోని ప్రతి కలుపుమొక్కనూ పేరు పెట్టి గుర్తించగల కూలివాని బిడ్డకు ఆ పరీక్షలో మార్కులు లేవు.

ఆల్‌ఫ్రెడ్ బినే 1905లో తన పరీక్షను తయారుచేసినది ప్రతిభావంతులకు పట్టం కట్టడానికి కాదు. చదువులో ప్రత్యేక సహాయం కావలసిన పిల్లలను కనిపెట్టడానికి. టెర్మన్ దానిని ఎంపికకు కొలబద్దగా మార్చినాడు. ఆయన గ్రంథాలు చదువదగినవే, గౌరవింపదగినవే. కాని వాటినుండి నేర్వవలసిన పాఠం ఆయన ఉద్దేశించిన పాఠం కాదు. కొన్ని పువ్వులు పుట్టగానే పరిమళిస్తవి, కొన్నింటికి పొద్దుపోవలె. మొదటివాటిని గుర్తించడం సులభం. రెండవవాటిని పీకి పారవేయకుండా ఉండడమే విద్యావిధానానికి అసలైన పరీక్ష.