‘మిస్సమ్మ’ గురించి ఇంట్లో ఒక తగవు

దమ్మపేటలో మా ఇంట ఎన్నటికీ తెగని తగవు ఒకటున్నది. నాకు ఇష్టమైన చిత్రం తాపీ చాణక్య ‘రోజులు మారాయి’. నా భార్యకు ఎల్.వి. ప్రసాద్ ‘మిస్సమ్మ’. రెండూ 1955లో వచ్చినవే. రైతులు జమీందారును ఎదిరించిన కథ ముందు, జమీందారు బడిలో పంతుళ్ల సరదా ఏపాటిదని నేను ఈసడించేవాణ్ణి.

మొన్న టీవీలో ‘మిస్సమ్మ’ మళ్లీ చూస్తూ ఆమె అన్నది: “ఇద్దరు పట్టభద్రులు. భార్యాభర్తలైతేనే ఉద్యోగమన్నారు. కూటికోసం కాపురం నటించారు. ఇందులో సరదా ఎక్కడుందండీ?”

పామాయిల్ తోటల కూలీల పిల్లలకు చదువు చెప్పే మనిషి ఆమె. ఆ ఉద్యోగానికి ఎన్ని దరఖాస్తులు పెట్టిందో నాకు తెలుసు. జవాబు తోచలేదు. నిరుద్యోగం మనిషిచేత ఎంతటి అబద్ధమాడిస్తుందో, బెంగాలీ మూలం నుంచి చక్రపాణి మలచిన ఈ కథ నవ్విస్తూనే చూపింది. నా ఈసడింపు తొందరపాటే.

అయితే ముగింపును ఒప్పుకోలేను. క్రైస్తవ యువతి మేరీ, తప్పిపోయిన జమీందారు కూతురని తేలుతుంది. దానితో అప్పూ, ఉద్యోగమూ, మతభేదమూ ఒక్కసారే మాయం! పుట్టుకే చిక్కు విప్పేస్తే ఇక సమాజం మారే పనేమున్నది?

“మేరీ మేరీగానే ఉండి పెళ్లాడి ఉంటే?” అన్నాను.

“ఇంకా ఇష్టమయ్యేది” అని టీవీ కట్టేసి, పరీక్ష పేపర్లు దిద్దడానికి కూర్చున్నది.