ప్యాకేజి సంతకము: దాని బలము, బలహీనత

లినక్స్ సర్వరు వేల మైళ్ళ దూరమున నుండవచ్చును. దాని నిర్వాహకుడు తన బల్ల వద్దనే కూర్చుండి, ఎస్.ఎస్.హెచ్. అను గుప్తమార్గము ద్వారా అందు ప్రవేశించి, ఒకటి రెండు పంక్తుల ఆజ్ఞలతో క్రొత్త సాఫ్ట్‌వేరును అమర్చగలడు. డెబియన్ లినక్సునందు ఈ పనిని నెరవేర్చు సాధనము పేరు ‘ఆప్ట్’.

1999లో డెబియన్ 2.1తో వెలువడిన ఈ సాధనము గొప్పతనము కాదనరానిది. ఒక ప్యాకేజి పనిచేయుటకు మరికొన్ని కావలెను. వానికి ఇంకను కొన్ని. పూర్వము వీనినన్నిటిని వెదకి వరుసగా అమర్చుట నిర్వాహకునకు పెద్ద తలనొప్పి. ఆప్ట్ ఆ లెక్కను తానే కట్టి, భాండాగారమునుండి అన్నిటిని తెచ్చి పెట్టును.

2007లో వెలువడిన డెబియన్ 4.0 నుండి రక్షణయు చేకూరినది. భాండాగారపు పట్టికపై డెబియన్ వారి గుప్తలిపి సంతకముండును. వేలిముద్రవంటి ‘హాష్’ సంఖ్యల ద్వారా ప్రతి ప్యాకేజియు ఆ పట్టికకు ముడిపడి యుండును. త్రోవలో ఎవరైన ఒక్క అక్షరము మార్చినను ముద్ర సరిపడదు. ఎక్కడనో దొరకిన స్క్రిప్టును చదువకయే పూర్ణాధికారముతో నడుపుటకంటె ఈ పద్ధతి ఎంతయో మేలు.

మరి లోప మెచ్చట? ప్యాకేజి ఎవరినుండి వచ్చినదో సంతకము చెప్పును; లోపల నేమున్నదో చెప్పజాలదు. కర్మాగారముననే కల్తీయైన మందుసీసాకు సీలు చెక్కుచెదరకయే యుండును గదా!

2024లో జరిగినది ఇదియే. సమాచారమును కుదించు ‘ఎక్స్‌జెడ్’ సాఫ్ట్‌వేరును చాలకాలము ఒక్కరే తీరికవేళలలో, జీతము లేకుండ సాకుచుండిరి. సాయమునకు చేరి నమ్మకము సంపాదించిన మరొకరు, 5.6.0, 5.6.1 కూర్పులలో ఎస్.ఎస్.హెచ్.కు గురిపెట్టిన రహస్యద్వారమును దాచిరి. దానిని మేల్కొలుపు పంక్తులు అందరు చూచు మూలప్రతిలో లేవు. విడుదల చేసిన కట్టలో మాత్రమే యుండెను. డెబియన్ పరీక్షాశాఖలలో అవి సక్రమమైన సంతకముతోనే చేరినవి. లాగిన్‌కు సుమారు అరసెకను ఎక్కువ పట్టుటను గమనించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ కారణము శోధించి, మార్చి 29న లోకమునకు వెల్లడించెను. స్థిరశాఖకు ముప్పు తప్పినది.

కావున ఆప్ట్‌ను విడువ నక్కరలేదు; దానిని దాని మేరకే నమ్మవలెను. సర్వరుపై స్థిరశాఖనే వాడుట, అక్కరలేని ప్యాకేజీలను చేర్చకుండుట, క్రొత్త కూర్పును ముందుగా వేరొక యంత్రముపై పరీక్షించుట నిర్వాహకుని విధులు. విడుదల కట్టను మూలప్రతితో సరిచూచుట పంపిణీదారుల విధి. లక్షల యంత్రములకు ఆధారమైన పనిని ఒంటరిగా మోయువారికి తోడుపడుట, ఆ పని ఫలమును అనుభవించు సంస్థలన్నిటి విధి.