కొలువు లెక్క, కాపురం లెక్క: సైనిక కుటుంబ వసతి ప్రణాళికపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం: భారత సైన్యంలో కుటుంబ వసతి అవసరాన్ని మంజూరైన సిబ్బంది సంఖ్య ఆధారంగా అంచనా వేయడం పరిపాటి. ఆ అంచనాలో కుటుంబం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో సికింద్రాబాదు కంటోన్మెంటు నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సైనిక కుటుంబం, వివాహిత వసతి, కంటోన్మెంటు, అగ్నిపథ్, జనాభా అంచనా.

1. లైన్లలో కాపురాలు

కట్టవలసిన ఇల్లు సైనికుడికా, సైనికుడి కుటుంబానికా అన్న ప్రశ్న కొత్తది కాదు. 1798 సైన్య సహకార ఒప్పందం తరువాత హైదరాబాదులో స్థిరపడిన కంపెనీ సైన్యపు మకాం 1806లో నిజాం సికందర్ జా పేరిట సికింద్రాబాదు అయింది. తెలుగువారు గణనీయంగా ఉన్న మద్రాసు సైన్యంలో సిపాయి వెంట అతని కుటుంబం కూడా ఉండేది. భార్యాపిల్లలు లైన్లలోనే కాపురముండేవారు. దళం మకాం మారిస్తే వారూ కదిలేవారు. ప్రభుత్వం ఇళ్లు కట్టించేది కాదు. గుడిసె వేసుకోవడానికి ‘హట్టింగ్ మనీ’ పేరిట కొంత సొమ్ము ఇచ్చి ఊరుకునేది. గోడ ఎత్తు, గది వైశాల్యం, పిల్లల సంఖ్య ప్రభుత్వానికి పట్టని సంగతులు.

అదే కాలంలో బ్రిటిష్ సైనికుడి విషయంలో పద్ధతి వేరు. దళం విదేశానికి వెళ్లేటప్పుడు సుమారు నూరుమందికి ఆరుగురు భార్యలను మాత్రమే వెంట రానిచ్చేవారు. ఎవరు వెళ్లాలో చీటీలు వేసి తేల్చేవారు. చీటీ రాని భార్య రేవులోనే నిలిచిపోయేది. సైన్యపు పద్దులో ఆమె లేదు కనుక ఆమెకు ఇల్లు అవసరమన్న ఊహా లేదు.

మొదటి పద్ధతిలో కుటుంబం ఉంది, లెక్క లేదు; రెండవదానిలో లెక్క ఉంది, అయితే అది ముందుగా గీసుకున్న గీత లోపలి కుటుంబాలకే. స్వతంత్ర భారతదేశపు సైనిక వసతి విధానం ఈ రెండవ పద్ధతికే ఎక్కువగా వారసురాలు. అధికారులకు పూర్తిగా, జవాన్లకు కొంత నిష్పత్తి మేరకు వివాహిత వసతి మంజూరు చేయడం ఆ వారసత్వమే. ‘అవసరం’ అన్న మాట ఇక్కడ నిజమైన అర్థంలో వాడబడదు. మంజూరైన కొలువుల సంఖ్యను నిష్పత్తితో గుణించి, ఉన్న క్వార్టర్లను తీసివేస్తే మిగిలేదే అవసరం. తీసివేతలో మిగిలిన అంకెకు ‘లోటు’ అని పేరు.

2. కదలని అంకె, పెరిగే కుటుంబం

ఆ లోటును పూడ్చే సంకల్పంతో 2002లో మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు మొదలైంది. త్రివిధ దళాలకు కలిపి మూడు దశల్లో దాదాపు 2 లక్షల ఇళ్లు, అదీ నాలుగేళ్లలో, అన్నది తొలి ఉద్దేశం. ఒక్కొక్క దశకే అంతకు మించిన కాలం పట్టింది. జాప్యాన్ని గురించి ఆడిట్ నివేదికలు చెప్పవలసింది చెప్పాయి. దానినే మళ్లీ ఏకరువు పెట్టనక్కరలేదు. జాప్యం కంటే లోతైన లోపం అంచనాలోనే ఉంది. కట్టడం సాగినన్నాళ్లూ కుటుంబం మారుతూనే ఉంది.

సైనిక కుటుంబ జనాభా పెరగడానికి సైన్యం పెరగనక్కరలేదు. సిబ్బంది సంఖ్య అంతే ఉన్నా, ఊళ్లో అత్తమామల వద్ద ఉండే కోడలు భర్త ఉన్న చోటికి రావాలనుకున్న నాడు క్వార్టరు అవసరం ఒకటి పెరుగుతుంది. పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం ఇందుకు మంచి సాక్ష్యం. ఇంటింటి నుంచీ సైన్యంలో చేరినవారున్న ఊరిగా దానికి పేరు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడి నుంచి సైనికులు వెళ్లారు. ఇటువంటి ఊళ్లు తరతరాలుగా సైనికుల భార్యలను, పిల్లలను పోషించాయి. అద్దె తీసుకోని ఆ వసతి ఏ ప్రణాళికలోనూ పద్దు కాలేదు. ఉమ్మడి కుటుంబం సడలే కొద్దీ ఆ పద్దు కంటోన్మెంటు మీద పడుతుంది. అప్పుడు ప్రణాళికాకర్తకు అది కొత్తగా పుట్టిన గిరాకీలా కనిపిస్తుంది. నిజానికి అది పాతదే. ఇన్నాళ్లూ మరొకరు మోశారు.

ఇక పిల్లల చదువు. శాంతి స్థావరంలో సైనికుడు ఉండేది రెండు మూడేళ్లు. తరువాత కుటుంబాన్ని అనుమతించని ఫీల్డ్ ప్రాంతానికి వెళ్లాలి. పదో తరగతి చదివే పిల్ల ఉన్న తల్లి ఇల్లు ఖాళీ చేయాలా, వద్దా? ఖాళీ చేయకపోతే కొత్తగా వచ్చినవాడి కుటుంబానికి ఇల్లు లేదు. ఇలా విడిగా ఉండే కుటుంబాలకు ప్రత్యేక వసతి అన్న ఏర్పాటు ఉన్నది. అయితే ఒక సైనికుడికి ఒక చోటే ఇల్లు అన్న మూలసూత్రానికి ఇది మినహాయింపుగానే మిగిలింది. ఒక కొలువు రెండు చోట్ల వసతిని కోరే ఈ స్థితిని మినహాయింపు అనడం పొరపాటు. సైనిక జీవితంలో ఇదే నియమం.

క్వార్టరు దొరకనివారికి అద్దె భత్యం ఉంది. హైదరాబాదు ఎక్స్ శ్రేణి నగరం కనుక అది పై స్థాయిలోనే అందుతుంది. కానీ భత్యం వేతనానికి అనుపాతం, కుటుంబ పరిమాణానికి కాదు. ముగ్గురు పిల్లలున్న హవల్దారుకూ, నిన్న పెళ్లయిన హవల్దారుకూ సూత్రం ఒకటే. అల్వాల్‌లోనో, తిరుమలగిరిలోనో ఇల్లు వెతుక్కునేటప్పుడు మాత్రం ఇద్దరి అవసరం ఒకటి కాదు. 2011 జనాభా లెక్కల నాటికే సికింద్రాబాదు కంటోన్మెంటు జనాభా 2 లక్షలు దాటింది. ఆ అద్దె ఇళ్ల బజారులో సైనిక కుటుంబం సాధారణ పౌరుడితో పోటీ పడుతుంది. ఈ పోటీ సైనిక వసతి లెక్కలోకీ రాదు, నగర ప్రణాళికలోకీ రాదు.

పదవీ విరమణ సంగతి సరేసరి. జవాను చాలావరకు నలభై ఏళ్ల ప్రాయంలో, పిల్లలు బడిలో ఉండగానే క్వార్టరు వదలాలి. సైనిక్‌పురి వంటి కాలనీలు, 1978లో ఏర్పడిన ఆర్మీ వెల్ఫేర్ హౌసింగ్ ఆర్గనైజేషన్ ఈ ఖాళీని కొంతమేర పూరించాయి, స్తోమత ఉన్నవారికి.

3. 2022 తరువాత

వసతి ప్రమాణాలను 1983లో, 2009లో, 2022లో సవరించారు. ఈ సవరణల దృష్టి ప్రధానంగా గది, వైశాల్యం, సౌకర్యాల మీద. మంచిదే. కానీ ఎన్ని ఇళ్లు, ఎప్పుడు అన్న ప్రశ్నను అదే ఏడాది వచ్చిన అగ్నిపథ్ పథకం పూర్తిగా మార్చివేసింది.

కోవిడ్ కారణంగా 2020 నుంచి రెండేళ్ల పాటు సైన్యంలో జవాన్ల నియామకాలు ఆగిపోయాయి. తరువాత చేరిన అగ్నివీరులు అవివాహితులు. నాలుగేళ్లకు వారిలో 25 శాతానికి మించకుండా కొనసాగిస్తారు. వారు మరో 15 ఏళ్లయినా సేవ చేయవలసి ఉంటుంది. అంటే దశాబ్దపు మధ్యభాగంలో కొత్త కాపురాలు పలచబడతాయి. ఖాళీ క్వార్టర్లు కనిపిస్తే లోటు తీరిందని సంతోషించే ప్రమాదం ఇక్కడే ఉంది. తొలి బృందపు నాలుగేళ్లు 2026 చివర, 2027 మొదట్లో ముగుస్తాయి. కొనసాగినవారు అప్పటికి ఇరవైల తొలి సగంలో ఉంటారు. వారి పెళ్లిళ్లు దాదాపు ఒకే కాలంలో జరుగుతాయి, పిల్లలు ఒకే కాలంలో పుడతారు, బడిలో ఒకే కాలంలో చేరతారు. సగటు నిష్పత్తితో గుణించే సూత్రానికి ఈ అల కనబడదు. సిబ్బంది వయస్సు, వివాహస్థితి, పిల్లల తరగతి సైన్యపు సొంత రికార్డుల్లోనే ఉన్నాయి. వాటిని వేతన విభాగం చదువుతున్నది. ఇళ్లు కట్టే విభాగం ఇప్పటికీ మంజూరైన కొలువుల పట్టికనే చదువుతున్నది.