ఒంటికాలి మీద నిలబెట్టే విద్య
చీలమండ ఒకసారి బెణికాక మళ్లీ మళ్లీ బెణుకుతుంటే కట్టు కడతాం, వాపు తగ్గగానే నయమైందనుకుంటాం. ఫిజియోథెరపిస్టు అసలు పని అప్పుడే మొదలవుతుంది. బయటివైపు లిగమెంటు దెబ్బతింటే, పాదం ఎటు వాలుతోందో మెదడుకు చేరే కబురు కూడా మందగిస్తుందని 1965లోనే ఫ్రీమన్ అనే పరిశోధకుడి బృందం వాదించింది. అందుకే కండబలం ఒక్కటే చాలదు. కబడ్డీ ఆడే కుర్రాణ్ణి చెప్పుల్లేకుండా ఒంటికాలిపై నిలబెట్టి, నేలకు అతికించిన మూడు టేపుల వెంట రెండో కాలు చాపమంటారు. ఫిజియోథెరపిస్టు చూపంతా నిలిచిన పాదం మీదే: దాని వణుకు, వేళ్లు నేలను పట్టుకునే తీరు, మడమ లేచే క్షణం. ఆ తర్వాతే మెత్తటి దిండు, గెంతు, పక్కకు దూకి ఆగడం, చివరికి ఉన్నట్టుండి దిశ మార్చే పరుగు.

ఇదంతా వీడియో చూసి ఇంట్లో చేసుకోవచ్చు కదా అంటారు. కొంత చేసుకోవచ్చు. కానీ తాను తూలుతున్న సంగతి ఆ కుర్రాడికి సరిగా తెలియదు. దెబ్బతిన్నది ఆ తెలివిడే. ఆపరేషన్‌తో లిగమెంటు బిగించినా ఈ సాధన తప్పదు. నొప్పి పోయి ఉత్సాహంగా ఉన్నవాణ్ణి, ఇవాళ గెంతు వద్దు, నిలబడితే చాలు అని ఆపగలగడమే ఈ పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది.