బీప్ వినే చెవి

కొత్త కంప్యూటర్ తానే బిగించుకుని మావాడు బటన్ నొక్కాడు. ఫ్యాన్లు తిరిగాయి, లైట్లు వెలిగాయి, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. ఆ రాత్రి వాడు అన్నం ముట్టలేదు. మర్నాడు క్యాబినెట్‌ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాం. సీటీసీ అంటే ఇంకా త్వరగా తెలుస్తుంది. అక్కడ ఓ ఇరుకు గదిలో పనిచేసే మెకానిక్ పనితనం గురించి ఆ రోజు నుంచీ కనిపించినవాళ్లందరికీ చెబుతున్నాను, తనివి తీరడం లేదు.

ఆయన ముందుగా స్క్రూడ్రైవర్ అందుకోలేదు. "ఏమైందో మొదటికెల్లి చెప్పు బేటా" అన్నాడు. ఫ్యాన్ అసలు కదల్లేదా, ఒక్క క్షణం తిరిగి ఆగిందా, తిరుగుతూనే ఉందా? మూడూ వేర్వేరు జబ్బులు. కదలకపోతే ప్లగ్గు, లోపలి భాగాలకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, పవర్ బటన్ నుంచి బోర్డుకు వచ్చే రెండు సన్న తీగలు చూడాలి. తిరిగి టక్కున ఆగితే ఎక్కడో షార్ట్ అయిందేమోనని అనుమానించాలి. తిరుగుతూనే ఉండి డిస్‌ప్లే రాకపోతే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు దగ్గరికి వెళ్లాలి. మాది మూడోది.

మూత తీసి ఊరికే చూశాడు. బోర్డుకు వెళ్లే 24 పిన్నుల వైరు బిగిసే ఉంది. పైమూలన, ప్రాసెసర్ పక్కనున్న 8 పిన్నుల సాకెట్ ఖాళీ! ప్రాసెసర్‌కు కరెంటే లేదన్నమాట. వైరు పెట్టి ఆన్ చేశాడు. తెర ఇంకా నలుపే. మావాడి చెయ్యి ఆఫ్ బటన్ మీదికి పోతుంటే పట్టుకుని, "జర ఆగు బేటా" అన్నాడు. డీడీఆర్5 ర్యామ్‌ను కొత్త బోర్డు మొదటిసారి చూసినప్పుడు దాని వేగానికి తనను తాను సర్దుకోవడానికి ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుందట. నిమిషానికోసారి ఆపేస్తే ఆ పని ఎన్నటికీ పూర్తికాదు. ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టీ సగమైంది. తెర వెలిగింది. ఏమీ చేయకుండా ఎప్పుడు కూర్చోవాలో తెలిసిన పనివాడిని ఇంకొకరిని నేను చూడలేదు.

ఆయన అసలు విద్య తీసెయ్యడంలో ఉంది. మొండి కేసు వస్తే బోర్డును క్యాబినెట్ నుంచి బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరుస్తాడు. ప్రాసెసర్, దాని ఫ్యాను, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్... అంతే. ర్యామ్ ఒక్కటే ఉంటే సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెడతాడు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి కార్డు తప్పదు. స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో తాకిస్తాడు. బయట బతికిన బోర్డు లోపల చస్తోందంటే దోషం పెట్టెది. అలా ఒకసారి, బోర్డు అడుగున రంధ్రం లేనిచోట ఎవరో బిగించేసిన ఒకే ఒక్క ఇత్తడి స్టాండు పట్టుకున్నాడు. ఏఎం4 ప్రాసెసర్ కింద 1,331 కాళ్లుంటాయి. వాటిలో వంగిన రెండింటిని, ములుకు తీసేసిన మెకానికల్ పెన్సిల్ గొట్టంతో నిలబెట్టడం నా కళ్లారా చూశాను. ఊపిరి బిగబట్టింది నేనే, ఆయన కాదు.

ఆయన చెవి కూడా పనిచేస్తుంది. ఆన్ చేయగానే బోర్డుకు తగిలించిన చిన్న స్పీకరు బీప్‌లతో జబ్బు చెబుతుంది. ఈ బీప్‌ల సంప్రదాయం 1981 నాటి ఐబీఎం పీసీ నుంచి వస్తోంది. అందులో ఒక పొట్టి బీప్ అంటే అంతా క్షేమం. అవార్డ్ బయోస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి వినిపిస్తే గ్రాఫిక్స్ గొడవ. ఆయన వీపు తిప్పి వేరే పని చేసుకుంటూనే జబ్బు చెప్పేస్తాడు. ఇప్పుడు చాలా బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లు పెట్టి ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్‌లలో ఎక్కడ ఆగిందో చూపిస్తున్నారు. మంచిదే. కానీ వేలిగోరంత స్పీకరు ఇవ్వడం మానేశారు. గాజు తలుపులకూ రంగుల లైట్లకూ దొరికిన చోటు దానికి లేకపోయింది!

కంప్యూటర్ మెకానిక్‌లలో రెండు బడులున్నాయి. ఏ జబ్బుకైనా ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దేవాళ్లు ఒక బడి. మసిపట్టిన పాత ర్యామ్‌కు అది పనిచేస్తుంది, కాదనను. నిన్న ప్యాకెట్ విప్పిన ర్యామ్‌ను రుద్దితే ఏం వస్తుంది? నేను రెండో బడివాణ్ణి. ముందు కరెంటు చూడాలి. మల్టీమీటర్ పెడితే 12 వోల్టుల లైను 11.4కీ 12.6కీ మధ్య నిలవాలి. నిలవకపోతే మిగతా పరీక్షలన్నీ వృథా.

ఆ చిన్న పరీక్ష చేయని దుకాణం ఒకటి ఇంతకుముందు మా పాత కంప్యూటర్‌కి ముందు ర్యామ్ మార్చింది, తర్వాత బోర్డు మార్చింది, రెండింటికీ డబ్బు పుచ్చుకుంది. చివరికి దోషం క్యాబినెట్‌తో ఊరికే వచ్చిన ఎస్‌ఎంపీఎస్‌ది. చేతిలోకి తీసుకుంటే ఖాళీ డబ్బాలా తేలిక, పైన మాత్రం ఘనమైన వాట్ల అంకె! ఇలాంటివి కొత్త బోర్డులను కాల్చేస్తుంటే నాకు కడుపు మండుతుంది. పార్టు తర్వాత పార్టు మార్చుకుంటూ పోవడాన్ని రిపేరు అనడం ఆయనలాంటి వాళ్లకు అవమానం.

పిల్లలకు కంప్యూటర్ బిగించి ఇస్తున్న తల్లిదండ్రులారా, గ్రాఫిక్స్ కార్డులో వెయ్యి తగ్గినా ఫర్వాలేదు, ఎస్‌ఎంపీఎస్‌లో పీనాసితనం చేయకండి. దాని మూత మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకండి, ప్లగ్గు తీసినా లోపల కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. దుకాణాల వాళ్లకు నా విన్నపం ఒక్కటే. ఆ చిన్న స్పీకరు బోర్డుతో పాటు ఇవ్వండి. బిల్లులో కలుపుకోండి, మారుమాట లేకుండా ఇస్తాం.