ఇస్కపల్లి మడుల్లో ఇంటర్ కెమిస్ట్రీ

నెల్లూరు తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవన వర్షాలే ప్రధానం. అందుకే అల్లూరు మండలం ఇస్కపల్లిలో ఉప్పు పని సంక్రాంతి దాటాకే ఊపందుకుంటుంది. ముందు మడి సిద్ధం కావాలి. వాననీళ్లు తోడేసి, బురద ఎత్తిపోసి, తడి బంకమట్టిని కాళ్లతో తొక్కి తొక్కి గట్టిపరుస్తారు. నీరు కిందికి ఇంకకూడదు, ఉప్పుకు మట్టి అంటకూడదు. అడుగున ఎత్తుపల్లాలు ఉండకూడదు. మడిలో నిలిపేది బెత్తెడు నీరు కూడా కాదు మరి.

సముద్రపు నీరు ఎండితే ఉప్పొస్తుంది, ఇందులో పనితనం ఏముంది అనిపించవచ్చు. ఒకే గుంటలో చివరిదాకా ఎండబెట్టి చూడండి, మిగిలేది నోట పెట్టలేని చేదు ముద్ద. కిలో సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అందులో మనం తినే సోడియం క్లోరైడ్ 27 గ్రాములు. అంటే సగం మోల్‌కు కాస్త తక్కువ. మిగతాది మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాల బాపతు. వీటిలో ఏది ఎప్పుడు అడుగుకు దిగుతుందో తెలుసుకుని, అక్కర్లేనిదాన్ని దారిలోనే వదిలించుకోవడమే ఉప్పు రైతు విద్య. పాఠ్యపుస్తకం దీన్నే అంశిక స్ఫటికీకరణం అంటుంది.

పనంతా నీటిని ఒక మడి నుంచి మరో మడికి నడిపించడమే. నీటి చిక్కదనం కొలవడానికి ఫ్రెంచి ఔషధ శాస్త్రవేత్త ఆంత్వాన్ బోమే 1768లో తయారుచేసిన హైడ్రోమీటరు కొలతలోనే ఉప్పు పరిశ్రమ నేటికీ మాట్లాడుతుంది. సముద్రపు నీరు దాని మీద 3 డిగ్రీల దగ్గర ఉంటుంది. చిక్కబడే కొద్దీ ముందుగా కాల్షియం కార్బొనేట్ దిగిపోతుంది. 13 డిగ్రీల వద్ద జిప్సం మొదలవుతుంది. ఇవి రెండూ ముందు మడుల్లోనే ఉండిపోవాలి. 25 దాటాక, అంటే పదింట తొమ్మిది వంతుల నీరు ఆవిరైపోయాక, అసలు ఉప్పు పుడుతుంది.

వేడినీటిలో ఎక్కువగా కరిగించి చల్లార్చితే పటిక స్ఫటికాలు కడుతుంది. ఉప్పుతో ఆ ఉపాయం సాగదు. వంద గ్రాముల నీటిలో సున్నా డిగ్రీల సెల్సియస్ వద్ద 35.7 గ్రాములు కరిగితే, మరిగే నీటిలో కరిగేది 39 మాత్రమే. కాబట్టి నీటిని పంపించేయడమొక్కటే మార్గం. దానికి అయ్యే ఖర్చు లెక్కేస్తే కళ్లు తిరుగుతాయి. కిలో ఉప్పుకు దాదాపు 35 కిలోల నీరు ఆవిరి కావాలి. బాష్పీభవన గుప్తోష్ణాన్ని కిలో నీటికి 2,400 కిలోజౌళ్లుగా తీసుకుంటే 20 యూనిట్లకు పైగా కరెంటు. బిల్లు కట్టాల్సి వస్తే ఉప్పు ప్యాకెట్టు ధర దానిముందు ఏ మూలకీ రాదు. మన తీరంలో ఎండా గాలీ ఆ పని ఊరికే చేసిపెడుతున్నాయి.

చివరి మడిలో నైపుణ్యం చూసి తీరాలి. గాలి లేని మధ్యాహ్నం నీటి మీద సన్నటి ఉప్పు పొర కడుతుంది. నీటికంటే ఉప్పు రెట్టింపుకు మించిన బరువే అయినా, తలతన్యత వల్ల ఆ పలుకులు తేలుతుంటాయి. పొరను అలాగే వదిలేస్తే ఆవిరి కావడం మందగిస్తుంది. పొడవాటి కర్రకు బిగించిన చెక్క పలకతో రైతు దాన్ని సుతారంగా చెదరగొడతాడు. మరీ ఎక్కువ కదిపితే గింజ సన్నబడుతుంది. కదపకపోతే అడుగున అట్టకడుతుంది. సోడియం, క్లోరైడ్ అయాన్లు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పాచికల్లాంటి ఘనాలు కట్టడానికి ఎంత నెమ్మది కావాలో ఆ చేతికి తెలుసు.

ఇంకా కష్టమైనది ఆపడం. మడిలో మెగ్నీషియం క్లోరైడ్ పేరుకునే కొద్దీ క్లోరైడ్ అయాన్లు పెరిగి సోడియం క్లోరైడ్ ద్రావణీయత తగ్గుతుంది. ఉమ్మడి అయాన్ ప్రభావమంటే ఇదే. ఉప్పు ఇంకా ఇంకా దిగుతుంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. కానీ 29, 30 బోమే డిగ్రీలు దాటనిస్తే మెగ్నీషియం లవణాలూ తోడొస్తాయి. రుచి చేదెక్కుతుంది, గాలిలో తేమ లాగి బస్తా కారుతుంది. అనుభవమున్న రైతు నీటి రంగు, వేళ్లకు తగిలే జిడ్డు చూసి ఆ చేదునీటిని వదిలేస్తాడు. నా దృష్టిలో మొత్తం పనిలో గొప్ప నిర్ణయం ఇదే. తీసిన ఉప్పును కుప్పపోసి కొన్నాళ్లు ఉంచడంలోనూ ఇదే తెలివి. అంటుకున్న మెగ్నీషియం క్లోరైడ్ తేమ పీల్చుకుని తనంతట తానే కిందికి కారిపోతుంది.

ఆ తర్వాత అయోడిన్ కలపడం ఫ్యాక్టరీ పని. మన ఉక్కపోత వాతావరణంలో పొటాషియం అయొడైడ్ ఆక్సీకరణం చెంది అయోడిన్ ఎగిరిపోతుంది. అందుకే పొటాషియం అయొడేట్ వాడతారు.

నెల్లూరు, కావలి కాలేజీల కెమిస్ట్రీ లెక్చరర్లకు ఒక మనవి. ద్రావణాల పాఠం చెప్పాక, మార్చి, ఏప్రిల్‌లలో ఒక హైడ్రోమీటరు చేతబట్టుకుని పిల్లల్ని ఇస్కపల్లికి తీసుకెళ్లండి. ఏ మడి నీళ్లు వదిలేయాలో ముందు ఉప్పు రైతును అడగండి, ఆ తర్వాతే హైడ్రోమీటరు ముంచండి.