పాత పాటకు కొత్త వంత

పాటకు ప్రాణం రాగంలో ఉన్నదా, మాటలో ఉన్నదా అన్న చర్చ మనకు పాతదే. పాత పాటను పదిమంది గుర్తు చేసుకొని పాడుకొనే వేళ ఆ చర్చ మరొక రూపం ధరిస్తుంది. అప్పటికి రాగం అందరికీ వచ్చు, జారిపోయేది మాట. ఎస్. పి. బాలసుబ్రహ్మణ్యంగారి (1946–2020) కృషిని ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది. వారి గాత్రవైభవం లోకవిదితం. బృందనాయకుడుగా, పాత పాటకు వ్యాఖ్యాతగా వారు సాహిత్యానికి చేసిన మేలే ఇక్కడ మనకు ప్రస్తుతం.

అమెరికాలో మిచ్ మిల్లర్ 1958లో బృందగానంతో పాత పాటల రికార్డు వెలువరించి, శ్రోతలు ఇంట కూర్చుండి గొంతు కలపటానికి వీలుగా చరణాలు అచ్చువేసిన కాగితాలను దానికి జతపరచాడు. 1961 మొదలు 1964 వరకు టెలివిజన్ తెరమీద చరణాలు చూపుతూ జనంచేత పాడించాడు. కొత్తగా వచ్చిన రాక్ అండ్ రోల్ ఆయనకు గిట్టలేదు. కనుక ఆయన చేతిలో పాత పాట కొత్త పాటకు అడ్డుకట్ట అయింది. మన సినిమాహాళ్ల వద్ద అణాలకు అమ్మిన పాటల పుస్తకాలూ ఆ కాగితాల వంటివే. అవి మాటను చేతికి అందించినవి గాని, దాని గుణదోష విచారణ వాటి పని కాదు.

బాలసుబ్రహ్మణ్యంగారు నెల్లూరి హరికథకులు సాంబమూర్తిగారి కుమారులు. మద్రాసులో యువకుడుగా ఒక లలితసంగీత బృందాన్ని నడిపారు. అందులో ఇళయరాజా, ఆయన సోదరులు భాస్కర్, గంగై అమరన్ వాయించేవారు. 1966లో కోదండపాణిగారి సంగీతంలో తొలి సినిమా పాట పాడారు. 1969లో 'అడిమైప్పెణ్' తమిళుల ఇళ్లకు ఆయనను చేర్చింది. పుదుచ్చేరి సీమలో, మా కిరుమాంబాక్కం వంటి తమిళ గ్రామాలలో సైతం, ఆయన పరాయివాడు కాడు. రెండు భాషలలోనూ పలుకుబడిని పాటించిన ఫలమిది.

1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' ప్రారంభమైనది. పైకి అది పోటీ. దాని లోపలి కట్టడం మాత్రం హరికథది. పాట ముగియగానే వ్యాఖ్య. వ్యాఖ్య నడుమ స్వరకర్త, కవి, గాయకులను గురించిన పిట్టకథ. ఆపైన పిల్లవాడు పలకలేకపోయిన 'ళ'కారానికో, ఒత్తుకో సున్నితమైన దిద్దుబాటు. తండ్రిగారి వేదిక కుమారునికి ఈ రూపంలో సంక్రమించినదని నా అభిప్రాయం. మిల్లర్ మాటను కంటికి చూపాడు. ఈయన చెవికి, బుద్ధికి అందించారు. కవి పేరు చెప్పనిదే పాట పూర్తి కాదన్న సంస్కారం వేలాది ఇళ్లలో నెలకొన్నది. పైగా ఆయన ఆనాటికీ కొత్త పాటలు పాడుతున్న గాయకుడు. అందువల్ల ఆ స్మరణలో వర్తమానం మీద కినుక లేదు.

అయినా రెండు లోటులు చెప్పక తప్పదు. బుర్రకథలో వంతలున్నారు, భజనలో ఊరంతా వంతే. పోటీలో ఒకరు పాడగా తక్కినవారు మార్కులు వినే శ్రోతలు. పాత పాటను జనానికి దగ్గర చేసిన వేదిక, జనం గొంతును మాత్రం పిలవలేదు. రెండవది, సినిమా పాటే పాట అయి, రేడియో లలితగీతం వెనుకబడినది.

ఈ లోటులు తీర్చవలసినవారు గాయకులు మాత్రమే కారు. ప్రాచీన పద్యానికి పాఠాంతరాలు చూచి పరిష్కరించే మనం, పాటల పుస్తకాల అచ్చుతప్పులతో, వినికిడి పొరపాట్లతో చెడిన పాటకు శుద్ధపాఠం నిర్ణయించే శ్రమ తీసుకొన్నది చాల తక్కువ. ఆయన ఒక్కొక్క అక్షరంగా నోట దిద్దిన పాఠాన్ని గ్రంథస్థం చేయటం మన వంతు. సరైన మాట చేతికి వస్తే వంత పాడటానికి తెలుగువారికి ఒకరు నేర్పవలసిన పని లేదు.